కల్లుకు లొట్టి, సారాకు సీసా... ఎందుకు?

ఆదివారం సాయంత్రం నార్సింగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు దిగే కార్లలో ఊరి సామాను చూడండి. బియ్యం సంచి, జాడీలో తొక్కు, కరివేపాకు కట్ట, సీటు కింద పాత తువ్వాలులో చుట్టిన లీటరు నీళ్ల బాటిలు. అందులో ఉన్నవి నీళ్లు కావు. పొద్దున గౌడన్న చెట్టు దిగి పోసిన ఈత కల్లు. గచ్చిబౌలి చేరేసరికి ఆ బాటిలు అడుగు బయటికి ఉబ్బుతుంది, నిలబెడితే పక్కకు ఒరుగుతుంది. మూత అరచుట్టు తిప్పగానే బుస్సుమని సగం కల్లు సీటు పాలు.

కొండాపూర్, నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్లలో ఇంకో రకం ముచ్చట. కేకుల కోసం వోడ్కాలో వెనిల్లా కాయలు నానబెట్టేవారు ఒకరు, కొన్న విస్కీని చిన్న చెక్క పీపాలో పోసి ముగ్గబెట్టేవారు ఇంకొకరు. అందరి ప్రశ్నా ఒకటే: దీన్ని దేంట్లో పోసి ఉంచాలి?

జవాబులకు ముందు ఒక హెచ్చరిక. తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో సారా కాయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. దాన్ని గుడుంబా అన్నా, ముద్దుగా ‘క్రాఫ్ట్’ అన్నా చట్టానికి ఒకటే. కాబట్టి ఇక్కడ చెప్పేది కాయడం గురించి కాదు. దుకాణంలో కొన్నదాన్ని, ఊళ్లో గీసినదాన్ని, వంట కోసం నానబెట్టినదాన్ని దాచుకోవడం గురించే.

కల్లు బాటిలు ఎందుకు ఉబ్బుతుంది?

కల్లుకు ప్రాణం ఉంది కాబట్టి. చెట్టు నుంచి కారే తీపి నీటిలో నూటికి పదికి పైగా చక్కెర ఉంటుంది. గాలిలోంచి, లొట్టి గోడల్లోంచి వచ్చిన ఈస్టు ఆ చక్కెరను తింటూ ఆల్కహాల్‌నూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. పది గ్రాముల చక్కెర పులిసిందంటే దాదాపు రెండున్నర లీటర్ల వాయువు పుడుతుంది. అంటే రెండు చెంచాల చక్కెర పులిసినా లీటరు బాటిలులో ఆ వాయువుకు చోటు లేదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది.

నీళ్ల బాటిలు పలుచన. లోపలి నుంచి వచ్చే ఒత్తిడికి తట్టుకునేలా దాన్ని చేయలేదు. కూల్‌డ్రింకు బాటిలు అడుగున ఐదు కాళ్లలా గుంటలు కనిపిస్తాయి కదా, అవి ఆ ఒత్తిడి కోసమే. అయినా మూత బిగించిన కూల్‌డ్రింకు బాటిలు కూడా కల్లుకు భద్రం కాదు. పానీయంలో నింపిన గ్యాస్ అంతటితో ఆగుతుంది. కల్లులో మాత్రం చక్కెర ఉన్నంతసేపు గ్యాస్ పుడుతూనే ఉంటుంది. ఇక గాజు సీసాలో బిగించి పెడితే ఉబ్బదు, పేలుతుంది. పేలినప్పుడు గాజు పెంకులు కంటికి తగిలితే చూపే పోతుంది.

లొట్టి ఎందుకు ఉబ్బదు?

దానికి బిగుతు మూత లేదు, వాయువు తన దారిన తాను పోతుంది. పైగా మట్టి గోడల సన్నని రంధ్రాల్లోంచి నీరు కొద్దికొద్దిగా చెమర్చి ఆవిరవుతూ లోపలి ద్రవాన్ని చల్లగా ఉంచుతుంది. చల్లగా ఉంటే పులుపు నెమ్మదిస్తుంది.

కాని ఆ రంధ్రాలతోనే ఒక చిక్కు. నిన్నటి ఈస్టు వాటిలోనే దాక్కుంటుంది. పాలలో తోడు వేసినట్టు, ఇవాళ్టి నీరు పడగానే పులియడం మొదలవుతుంది. పులియని తీపి నీరు, అంటే నీరా, కావాలనుకున్నవారు లొట్టి లోపల సున్నం పూసేది ఇందుకే. సున్నపు క్షారంలో ఈస్టు పని సాగదు. 2023 మేలో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచినప్పుడు చాలామంది ఐటీ ఉద్యోగులు మొదటిసారి నీరా రుచి చూశారు. చెట్టు దగ్గర నుంచి గ్లాసు దాకా చలి తప్పితే అది నీరా కాదు, కల్లే.

మరి ఊరి నుంచి తెచ్చుకోవడం ఎలా? మూత వదులుగా ఉండే స్టీలు క్యాను తీసుకోండి. మూడొంతులు మాత్రమే నింపండి. చుట్టూ ఐసు పెట్టండి. దారిలో ఒకసారి ఆగి మూత లేపి చూడండి. ఆ రోజే తాగేయండి. మర్నాటికి అది పుల్లబడుతుంది, ఆ తర్వాత వెనిగర్ దారి పడుతుంది.

విస్కీ, వోడ్కా పులియవు కదా. వాటిని ఏ ప్లాస్టిక్ డబ్బాలోనైనా పోయవచ్చా?

ఇక్కడ సమస్య వేరు. ఘాటైన మద్యంలో ప్రాణమున్నదేదీ ఉండదు, గ్యాస్ పుట్టదు. కాని ఆల్కహాల్‌కు కరిగించే గుణం ఉంది. నీటిలో కరిగేవాటినీ నూనెలో కరిగేవాటినీ రెండింటినీ అది లాగుతుంది. వెనిల్లా కాయలోని వాసన వోడ్కాలోకి దిగేది ఈ గుణం వల్లే. కాయలోంచి లాగినట్టే పాత్రలోంచి కూడా లాగుతుంది.

మీ వంటగదిలోనే సాక్ష్యం ఉంది. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఎన్నిసార్లు తోమినా ఎర్రటి మరక పోదు, వాసనా పోదు. అంటే నూనె, వాసన ప్లాస్టిక్ లోపలికి ఇంకాయి. లోపలికి పోవడానికి దారి ఉన్నప్పుడు బయటికి రావడానికీ ఉంటుంది. మెత్తని ప్లాస్టిక్కుల్లో వంగే గుణం కోసం కలిపే ప్లాస్టిసైజర్లు ఇలాగే మద్యంలోకి దిగుతాయి. 2012 నవంబరులో చైనాలో పేరున్న ఒక మద్యంలో ఇవి పరిమితికి మించి బయటపడి దేశమంతా గగ్గోలైంది. అనుమానం ప్లాస్టిక్ గొట్టాల మీదికి, పరికరాల మీదికి మళ్లింది. సీసా ఒక్కటే చూస్తే చాలదన్నమాట. పోసే గరాటు, గొట్టం, మూతలోని రబ్బరు బిళ్ల కూడా పాత్రలో భాగమే.

దుకాణంలోనే క్వార్టర్లు ప్లాస్టిక్ సీసాల్లో అమ్ముతున్నారు కదా?

నిజమే. అవి పెట్ సీసాలు, అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది. ఆ ద్రవానికి, కొంత కాలానికి సరిపోతుందని చూసి ఎంచిన కొత్త సీసాలు అవి. వాటిలో కొన్నది వాటిలోనే ఉండి కొన్నాళ్లలో అయిపోతే పెద్దగా భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఏళ్ల తరబడి బాల్కనీ ఎండలో మాగి గీతలు పడ్డ పాత బాటిలు గురించి, అంతకుముందు ఏం పోశారో తెలియని క్యాను గురించి. 3 అంకె ఉన్న పీవీసీని, 6 అంకె ఉన్న పాలిస్టైరీన్‌ను, అంకే లేనిదాన్ని మద్యం దగ్గరికి రానివ్వకండి.

రాగి, ఇత్తడి, అల్యూమినియం, స్టీలు?

ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచవద్దని అమ్మమ్మలు ఎందుకు అనేవారు? పులుపు తగిలితే రాగి కరిగి చిలుము పడుతుంది. అందుకే వీధుల్లో ‘కళాయి’ అని కేక వినబడగానే గిన్నెలు బయటికి వచ్చేవి. ఆ తగరపు పూత పులుపుకూ లోహానికీ మధ్య అడ్డుగోడ. అయితే తగరంలో సీసం కలిస్తే ఆ అడ్డుగోడే విషమవుతుంది. కల్లు, వైను పుల్లనివి కాబట్టి రాగి, ఇత్తడి, జింకు పూత బకెట్లు, అల్యూమినియం గిన్నెలు వాటికి పనికిరావు. ఘాటు మద్యాన్ని కూడా వాటిలో నిలవ ఉంచకూడదు. అల్యూమినియం బీరు డబ్బాలకు మాత్రం లోపల పూత ఉంటుంది, అందుకే చెల్లుతుంది.

స్టీలు మంచిదే. 304 రకం స్టీలులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దుకాణంవాడు అయస్కాంతం ఆనించి ‘చూడండి, అతుక్కోలేదు, మంచి స్టీలు’ అంటే నమ్మేయకండి. చవక రకమైన 201 కూడా సాధారణంగా అతుక్కోదు. రకం అంకె గిన్నె మీద ముద్రించి ఉందో లేదో చూసుకోవడం మేలు.

గాజు అయితే ఏదైనా ఒకటేనా?

కాదు. తెలుగులో సీసా, సీసం అనే మాటలు పక్కపక్కనే ఉన్నాయి. వస్తువులు మాత్రం ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. మాదాపూర్ షోరూముల్లో దీపం వెలుగుకు తళతళలాడే బరువైన క్రిస్టల్ డికాంటర్లు కనిపిస్తాయి. పాత పద్ధతి క్రిస్టల్‌కు ఆ మెరుపు, ఆ బరువు సీసం కలపడం వల్లే వస్తాయి. 1991లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన పరిశోధనలో పోర్ట్ వైనును అలాంటి మూడు డికాంటర్లలో పోసి పరీక్షించారు. మొదట లీటరుకు 89 మైక్రోగ్రాములున్న సీసం నాలుగు నెలలకు మూడింటిలోనూ 2000 దాటింది, ఒకదానిలో 5000 కూడా మించింది. వడ్డించేందుకు గంటసేపు వాడటం వేరు, అందులోనే నెలల తరబడి వదిలేయడం వేరు. వారసత్వంగా వచ్చిన డికాంటరును షోకేసులో అలంకారానికి ఉంచండి.

రంగు బొమ్మలు వేసిన పింగాణీ కూజాలదీ ఇదే కథ. వాటి మెరుపు పూతలో సీసం ఉండవచ్చు. దాచడానికి మామూలు సోడా గాజు సీసా చాలు, అది విస్కీ అయిపోయిన సీసాయే అయినా సరే. ముదురు రంగుదైతే వెలుతురు బాధ కూడా తగ్గుతుంది. బిరడా ఉన్న సీసాను నిలువుగానే పెట్టాలి. వైను సీసాను పడుకోబెట్టినట్టు విస్కీ సీసాను పడుకోబెడితే ఘాటుకు బిరడా నాని పొడిపొడి అవుతుంది.

ఎంతవరకు నింపాలి? ఎక్కడ పెట్టాలి?

మెడ దాకా నింపకండి. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడి చేస్తే సుమారు 7 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అదే లీటరు శుద్ధ ఆల్కహాల్ సుమారు 22 మిల్లీలీటర్లు పెరుగుతుంది. మన మద్యం ఈ రెండింటి మధ్య ఉంటుంది. ఆ పెరుగుదలకు చోటు లేకపోతే మూత సందుల్లోంచి కారుతుంది, లేదా సీసా చిట్లుతుంది.

రెండో సంగతి నిప్పు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మద్యం సుమారు 26 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మే నెలలో హైదరాబాదు వంటగది దానికన్నా చాలా వేడి. పొయ్యి పక్క గూడు, దేవుడి దీపం కింద అర, ఎండ తగిలే బాల్కనీ, ఆఫీసు బేస్‌మెంటు బయట నిలిపిన కారు... ఈ నాలుగూ మద్యం పెట్టే చోట్లు కావు. చీకటి అల్మారా కింది అరలో పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి.

చెక్క పీపా కొన్నాను. మంచిదేనా?

ప్రమాదం తక్కువే. కాని లెక్క తెలుసుకుని పోయండి. 200 లీటర్ల పీపాతో పోలిస్తే 5 లీటర్ల పీపాలో ప్రతి లీటరుకూ తగిలే చెక్క సుమారు మూడున్నర రెట్లు. అందుకే అది త్వరగా రంగెక్కుతుంది, అంతే త్వరగా చెక్క చేదు కూడా దిగుతుంది. పైగా చెక్కలోంచి మద్యం ఆవిరవుతూ ఉంటుంది. స్కాట్లాండులో ఏడాదికి 2 శాతం పోతే, బెంగళూరు డిస్టిలరీలో 10 శాతం దాకా పోతుంది. హైదరాబాదు ఎండలో చిన్న పీపా అంటే నష్టం ఇంకా ఎక్కువే. వారానికోసారి రుచి చూసి, నచ్చగానే గాజు సీసాలోకి మార్చేయండి.

మంచి సీసాలో పోస్తే చెడ్డ సరుకు బాగుపడుతుందా?

బాగుపడదు. ఈ ప్రశ్న అడిగేవారు చాలామంది ఉన్నారు కాబట్టి గట్టిగానే చెప్పాలి. కల్తీ మద్యంలో ఉండే మిథనాల్ అనే విషానికి వాసనలో గాని రుచిలో గాని గుర్తు పట్టగల తేడా ఉండదు. ఏ పాత్రా దాన్ని తీసేయదు, ఏ వడపోతా పట్టుకోదు. మిథనాల్ ఒక్కటే కాదు, వేరే కల్తీకీ ఇదే మాట. 2025 జూలైలో ఇదే ఐటీ కారిడార్ పక్కన, కూకట్‌పల్లి పరిసరాల్లో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ కల్లును లొట్టిలో పోసినా సీసాలో పోసినా ఫలితం మారేది కాదు. తాగాక చూపు మసకబారినా, ఊపిరి బరువెక్కినా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. మిగిలిన సరుకును పారబోయకుండా డాక్టరుకు చూపించండి.

అలాగే 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లు తెలిసే తాగారు. మన ఇళ్లలో తెలియక తాగే ప్రమాదమూ ఉంది. ఫినాయిలును మద్యం సీసాలో, మద్యాన్ని నీళ్ల బాటిలులో పోసే అలవాటు ఏ అపార్ట్‌మెంటుకు వెళ్లినా కనిపిస్తుంది. దాహమేసిన పిల్లవాడు బాటిలు ఆకారం చూస్తాడు, లోపల ఏముందో చూడడు.

అందుకే ఇవాళే ఒక పని చేయండి. అల్మారా తెరిచి, పేరు లేని ప్రతి సీసా మీద ఏమిటో, ఎప్పుడు పోశారో రాసి ఒక చీటీ అంటించండి. రాయడానికి ఏమీ గుర్తురాని సీసా ఉంటే, అందులోది పారబోయండి.