లోహముల అలసట – వాహనముల భద్రత

క్రొత్తగా కొన్న మోటారు వాహనమునకు కంపెనీవారు కొంతకాలము హామీ ఇత్తురు. దీనినే వారంటీ అందురు. మూడు సంవత్సరములు లేక లక్ష కిలోమీటర్లు, రెండింటిలో ఏది ముందు వచ్చిన అది, అను గడువు నేడు కార్ల విషయమున తరచు కనబడును. గడువు తీరిన రెండు మూడు నెలలకే చక్రముతో తిరుగు యాక్సిలో, స్టీరింగును చక్రమునకు కలుపు కడ్డీయో ఫట్టున విరుగుట కలదు. యజమాని వర్క్‌షాపునకు పోగా, గడువు దాటినది గనుక ఖర్చు మీరే భరింపవలెనన్న సమాధానము వచ్చును. విరిగినది తలుపు పిడి అయినచో నష్టము కొద్ది రూపాయలతో పోవును. యాక్సిలు అయినచో ప్రాణములకే ముప్పు. అంతవరకు దృఢముగానున్న ఉక్కు ఒక్కసారిగా ఏల విరిగినది? అట్టి సమయమున చేయవలసినదేమి? మొదటి ప్రశ్నకు సమాధానము తెలిసినచో రెండవదానికి దారి దొరకును.

కట్టుతీగతో ఒక ప్రయోగము

ఇనుప కట్టుతీగను రెండు చేతులతో పట్టి ఎంత లాగినను తెగదు. దానినే ఒకచోట ఇటునటు వంచినచో కొన్ని మారులకే తెగిపోవును. తరగతిలో విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. ఒకే తీగనుండి సమానమైన ముక్కలు తీసికొని, ఒకదానిని ఎక్కువ కోణమునకు, ఇంకొకదానిని తక్కువ కోణమునకు వంచుచు ఎన్నవ మారు తెగినదో లెక్కించి పట్టికలో వ్రాయవలెను. కోణము తగ్గినకొలది మారుల సంఖ్య పెరుగుట కనబడును. ఒక్కసారి ప్రయోగించినపుడు హాని చేయని బలము, పదే పదే ప్రయోగించినపుడు లోహమును విరుగగొట్టును. దీనికే 'లోహముల అలసట' అని పేరు.

తీగ వంగుట కంటికి కనబడును. వాహన భాగములలో అట్టి వంపు కనబడదు. వాటిలో మార్పు సూక్ష్మస్థాయిలో, అతి నెమ్మదిగా జరుగును.

వెర్సాయి నుండి వోలర్ వరకు

1842 మే 8వ తేదీన వెర్సాయి నుండి పారిస్ నగరమునకు తిరిగివచ్చుచున్న రైలు ఇంజను యాక్సిలు విరిగినది. వెనుకనున్న పెట్టెలు ఇంజనుమీదికి ఎక్కి నిప్పంటుకొనగా ఏబదిమందికి పైగా మరణించిరి. నారవలెనున్న ఇనుము కుదుపులవలన స్ఫటికములుగా మారి పెళుసెక్కునని ఆనాడు పలువురు నమ్మిరి. వాస్తవమునకు లోహము మొదటినుండియు స్ఫటికమయమే. యాక్సిలు మందము హఠాత్తుగా మారుచోట పగులు పుట్టి క్రమముగా లోపలికి పెరుగుచున్నదని 1843లో రాంకిన్ చూపెను. తరువాత జర్మనీలో రైల్వే ఇంజనీరైన ఆగస్ట్ వోలర్ యాక్సిలు ముక్కలను యంత్రములపై లక్షలమారులు త్రిప్పి ఏండ్ల తరబడి పరీక్షించెను. ప్రతిబలము తగ్గినకొలది లోహము ఎక్కువ ఆవృత్తులకు ఓర్చుననియు, ఉక్కు విషయమున ఒక పరిమితికి లోబడిన ప్రతిబలమును ఎన్నిమారులు ప్రయోగించినను అది దాదాపు విరుగదనియు ఆయన నిర్ణయించెను. దీనిని 'సహన పరిమితి' అనవచ్చును. అల్యూమినియమునకు ఇట్టి స్పష్టమైన పరిమితి లేదు.

చక్రముతోపాటు తిరుగు యాక్సిలుపై బండి బరువు పడునపుడు ఒకవైపు తన్యత ప్రతిబలము, ఎదుటివైపు సంపీడన ప్రతిబలము కలుగును. సగము చుట్టు తిరుగగానే ఇవి తారుమారగును. కారు చక్రపు వ్యాసము 0.6 మీటరు అనుకొన్నచో దాని చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. కిలోమీటరునకు సుమారు 530 చుట్లు, లక్ష కిలోమీటర్లకు సుమారు 5 కోట్ల 30 లక్షల చుట్లు. అన్నిమారులు ఆ ఉక్కు ఇటునటు వంచబడుచున్నదన్నమాట.

గడువు వేరు, ఆయువు వేరు

యంత్రభాగముల వైఫల్యములలో మూడు రకములున్నవి. తయారీలోని పొరపాట్లవలన మొదటి నెలలలోనే చెడునవి కొన్ని. నడుమ అకస్మాత్తుగా చెడునవి కొన్ని. అరిగి, అలసి చివరకు చెడునవి కొన్ని. హామీ గడువు ప్రధానముగా మొదటి రకమును దృష్టిలో నుంచుకొని ఏర్పడినది. సరిగా రూపొందించిన యాక్సిలులో ప్రతిబలము సహన పరిమితికి చాల దిగువనుండును గనుక అది గడువు దాటిన తరువాతగూడ ఏండ్ల తరబడి పనిచేయవలెను. ఉక్కులో మలినపు రేణువు చిక్కుకొన్నను, మూల గుండ్రముగా గాక పదునుగా చెక్కబడినను, ఉష్ణోపచారము సరిగా జరుగకున్నను ఆ ఒక్కచోట ప్రతిబలము పెరిగి పగులు మొదలగును. అధికభారము, త్రుప్పు, పూర్వము తగిలిన దెబ్బగూడ ఇట్టి పగులునకు కారణము కావచ్చును.

పగులు పెరుగుటకు లక్షలు, కోట్ల ఆవృత్తులు పట్టును. తయారైననాడే ఉన్న లోపము మూడేండ్ల తరువాత బయటపడుటలో వింతలేదు. గడువు దాటినదన్న మాట భాగము విరిగిన దినమునకు చెల్లును గాని, లోపము పుట్టిన దినమును తెల్పదు.

విరిగిన తలము చెప్పు సాక్ష్యము

లోపము ఎప్పటిదో తెలిసికొనుటకు విరిగిన తలమే సాక్షి. అలసటచే విరిగిన ఉక్కుపై సాధారణముగా రెండు భాగములు కనబడును. ఒకటి నున్నగానుండి, గోదావరిలో నీరు తగ్గుకొలది ఇసుకతిన్నెపై మిగులు చారలవంటి వంపుగీతలు కలిగియుండును. ఆ గీతల కేంద్రము పగులు పుట్టినచోటు. రెండవభాగము గరుకుగా ఉండును. పగులు పెరిగి పెరిగి, మిగిలిన కొద్దిపాటి లోహము భారమును మోయలేక ఒక్కసారిగా తెగినచోటది. గోతిలో పడిన ఒకే దెబ్బకు విరిగినచో ఈ చారలుండవు. పగులు పుట్టినచోట మలినమున్నదా, పదునైన మూల ఉన్నదా, త్రుప్పుగుంట ఉన్నదా అనునది నిపుణుడు సూక్ష్మదర్శినితో చూచి చెప్పగలడు.

అందుచే విరిగిన భాగమును పారవేయరాదు, వర్క్‌షాపులో విడిచిపెట్టరాదు. ఆ తలమును గీకరాదు, కడుగరాదు. రెండు ముక్కలను అతికి చూడరాదు. అతికినచో గీతలు చెరగిపోవును. ఫోటోలు తీసి, పొడి గుడ్డలో విడివిడిగా చుట్టి దాచవలెను.

గడువుతో నిమిత్తములేని బాధ్యత

కాలము గడచిన పిదపనే బయటపడిన లోపమునకు పెద్ద ఉదాహరణ తకాటా కంపెనీ తయారుచేసిన గాలిసంచులు. వాటిని ఉబ్బించుటకు వాడిన అమ్మోనియం నైట్రేట్, ఏండ్ల తరబడి తేమకును, పగటివేడి రాత్రిచలువల మార్పులకును గురియై చెడిపోయినది. ప్రమాద సమయమున అది మితిమీరిన వేగముతో మండగా లోహపు డబ్బీ పగిలి ముక్కలు ప్రయాణికులకు తగిలినవి. 2008లో చిన్నగా ప్రారంభమైన వెనుకకు పిలుపు, ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల పరికరములకు వ్యాపించినది. వాటిలో అనేకములు హామీ గడువు ఎన్నడో దాటిన వాహనములలోనివే. అయినను వాటిని ఉచితముగా మార్చవలసివచ్చినది. భారతదేశమునగూడ కొన్ని కంపెనీలు వీటిని మార్చినవి.

ఇట్లు అమ్మిన వాహనములను వెనుకకు పిలిచి సరిచేయుటను రీకాల్ అందురు. హామీ అమ్మకపు ఒప్పందములోనిది. రీకాల్ ప్రజల భద్రతకు సంబంధించినది. మనదేశములో 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 110-ఎ విభాగము ప్రకారము, వాహనములోని లోపము ప్రయాణికులకుగాని, బాటసారులకుగాని హాని కలిగింపగలదైనచో రీకాల్ చేయుమని కేంద్ర ప్రభుత్వము ఆదేశింపవచ్చును. కంపెనీ వాహనమును బాగుచేయుటో, మార్చి ఇచ్చుటో, పూర్తి వెల తిరిగి చెల్లించుటో చేయవలెను. 2021 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమములు, తయారై ఏడేండ్లు నిండని వాహనములకు వర్తించును. కొనుగోలుదారులనుండి వచ్చు ఫిర్యాదుల సంఖ్య ఇందులో ముఖ్యమైన ఆధారము.

చేయవలసిన పనులు

మొదట బండిని నడుపుట మానవలెను. నెమ్మదిగా ఇంటివరకు పోవచ్చుననుకొనుట ప్రమాదకరము, లాగించుకొని పోవలెను. రెండవది, విరిగిన భాగమును పైన చెప్పినట్లు భద్రపరచి, నడిచిన కిలోమీటర్లు, తేదీ, మరమ్మతు రసీదులు ఒకచోట నుంచవలెను. మూడవది, ఛాసిస్ సంఖ్యతో ఆ వాహనమునకు రీకాల్ ప్రకటించియున్నారేమో విచారింపవలెను. నాల్గవది, డీలరుకు గాక నేరుగా కంపెనీకే వ్రాతమూలకముగా తెలిపి, గడువు దాటినను ఖర్చు భరింపుమని కోరవలెను. అట్టి సందర్భములలో ఖర్చులో కొంతగాని, మొత్తముగాని భరించు కంపెనీలు కలవు. ఐదవది, రవాణా శాఖవారి వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవలెను.

అప్పటికిని ఫలితము లేనిచో 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమును సంప్రదించవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనునుగూడ ఆశ్రయింపవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, వ్యాజ్యమునకు కారణము ఏర్పడిన రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. పరీక్ష లేనిదే తేలని లోపమైనచో కమిషను ఆ వస్తువును ప్రయోగశాలకు పంపగలదు. భాగమును పారవేసినవారికి ఈ దారి మూసికొనిపోవును.

ఒక యాక్సిలు విరుగుట ఒక పరిశీలన మాత్రమే. అదే భాగము పది ఊళ్లలో, అదే చోట విరిగినదని తెలిసినపుడు అది రూపకల్పనలోని లోపమని తేలును. వోలర్ యంత్రముపై ఒక్కొక్క ముక్క విరుగుటను వ్రాసికొనినట్లే, నేడు యజమాని వ్రాయు ఫిర్యాదుగూడ ఒక అంకెగా నమోదగును. తన బండిని బాగుచేయించుకొని ఊరకుండక ఆ నాలుగు వాక్యములు వ్రాసి పంపినవాడు, అదే భాగముతో రోడ్డుమీద తిరుగుచున్న ఇతరుల ప్రాణములనుగూడ కాపాడినవాడగును.