మనిషి ముఖం కోసం మూడు కాళ్లు

1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ తన బొమ్మ తానే తీసుకున్నాడు. మనకు మిగిలిన తొలి ఫొటో ముఖచిత్రాల్లో అదొకటి. వెండిపూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడాలంటే ఆ రోజుల్లో నిమిషాలు పట్టేది. అంతసేపు కెమెరాను చేతుల్లో కదలకుండా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. సర్వే పనివాళ్లు అప్పటికే వాడుతున్న ముక్కాలి స్టాండు అలా కెమెరా కిందికి చేరింది.

మూడే కాళ్లెందుకు? ఏ మూడు బిందువులను తీసుకున్నా ఒకే తలం మీద ఉంటాయి. అందుకే ఎగుడుదిగుడు నేల మీదా మూడు కాళ్లూ ఆనుతాయి. నాలుగోది వస్తే, హోటల్లో ఊగే బల్లలాగా, కింద కాగితం మడిచి పెట్టాల్సిందే.

కెమెరాకు స్టాండు దొరికింది, మరి మనిషికో? కూర్చున్నవాళ్ల తల వెనక ఇనుప కొక్కెం బిగించేవారు. ఆనాటి ఫొటోల్లోని ఆ బిగుసుకున్న ముఖాలకు అదీ ఒక కారణమే. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ లెక్కకట్టి రూపొందించిన లెన్సు ఎంతో ఎక్కువ వెలుతురును లోపలికి పంపి, ఆ నిమిషాలను సెకన్లకు దించింది. మన సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ కాలానికి రాగి రేకుల బదులు గాజు పలకలు వచ్చాయి. పెద్ద పెట్టె కెమెరాలు మాత్రం స్టాండు దిగలేదు. 1888లో కొడాక్, 1925లో లైకా వచ్చాక కెమెరా చేతికి అమరింది. ఇక ముక్కాలి పని అయిపోయిందనే అనిపిస్తుంది.

కాలేదు. 1979 నుంచి 1984 దాకా అమెరికా పశ్చిమ ప్రాంతంలో కార్మికులనూ సంచారులనూ ఫొటోలు తీసిన రిచర్డ్ అవెడాన్, పెద్ద కెమెరాను స్టాండు మీద నిలిపి, తాను దాని వెనక కాక పక్కన నిలబడేవాడు. ఎదుటివాళ్లకు కనిపించేది యంత్రం కాదు, మనిషి. నా దృష్టిలో ముఖచిత్రాలకు ముక్కాలి చేసే అసలు మేలు ఇదే. కెమెరాను మోసే పని తప్పితేనే కదా ఫొటోగ్రాఫర్ కళ్లలోకి చూసి మాట్లాడగలిగేది!

ఒక్క సంగతి మరవద్దు. స్టాండు కెమెరా కదలికనే ఆపుతుంది, పసివాడి కదలికను ఆపలేదు. పిల్లలకు షట్టర్ వేగం పెంచాల్సిందే. ఎత్తు కావాలంటే ముందు కాళ్లలోని లావుపాటి భాగాలను సాగదీయండి. మధ్య కడ్డీని పైకి లేపితే స్టాండు త్వరగా ఊగుతుంది. ముఖచిత్రానికైతే లెన్సు కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో ఉంటే మంచిది.

ఈసారి ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో ఫొటో తీసేటప్పుడు రిమోట్ చేతపట్టుకుని, కెమెరా పక్కన కుర్చీ వేసుకుని, వాళ్లతో కబుర్లు చెబుతూ తీయండి.