సీలు మార్చినా నూనె కారుతోందా? పైపును చూడండి

వజ్రపుకొత్తూరు: పాత మోటారుసైకిల్‌ ముందు ఫోర్క్‌ నుంచి నూనె కారడం ఉద్దానం తీరంలో తరచూ కనిపించే సమస్య. ఆయిల్‌ సీలు మార్పించిన కొద్ది వారాలకే మళ్లీ కారడమూ మామూలే. సీలు నాసిరకమని కొందరు, మెకానిక్‌ పనితనం చాలదని మరికొందరు అనుకుంటారు. చాలా సందర్భాల్లో అసలు లోపం ఫోర్క్‌ పైపులోనే ఉంటుంది. ఉప్పుగాలికి తుప్పుపట్టి గరుకుబారిన పైపుపై ఎంత మంచి సీలు వేసినా నిలవదు.

నువ్వలరేవు, మంచినీళ్లపేట తీరం నుంచి చేపల బుట్టలను, తోటల నుంచి కొబ్బరికాయల బస్తాలను పలాస-కాశీబుగ్గకు చేర్చేది ఇలాంటి బళ్లే. డయాలసిస్‌కు వెళ్లే రోగిని వెనుక కూర్చోబెట్టుకుని వెళ్లేదీ వీటిపైనే. కారిన నూనె ముందు చక్రం బ్రేకుపైకి చేరితే బరువుతో ఉన్న బండి ఆగాల్సిన చోట ఆగదు. ఫోర్క్‌ మరమ్మతును వాయిదా వేయకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

లోపల ఏముంటుంది?

1985లో మార్కెట్లోకి వచ్చిన హీరోహోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్‌ 100 మొదలుకొని 1994 నాటి స్ప్లెండర్‌ వరకు అన్నింటిలోనూ ఫోర్క్‌ నిర్మాణం దాదాపు ఒకటే. పైనున్న ఉక్కు పైపు కింది బాటమ్‌ కేసులోకి దిగుతూ, లేస్తూ ఉంటుంది. లోపల స్ప్రింగు, కొంత నూనె, సన్నని రంధ్రాలున్న డంపర్‌ రాడ్డు ఉంటాయి. గుంతలో పడినప్పుడు బరువును మోసేది స్ప్రింగు. అదొక్కటే ఉంటే బండి ఊయలలా ఊగుతూనే పోతుంది. నూనె ఆ సన్నని రంధ్రాల గుండా బలవంతంగా ప్రవహించడం వల్ల ఆ ఊపు అణగుతుంది. నూనెతో ఊపును అణచే ఈ తరహా ఫోర్క్‌ 1935లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ ఆర్‌ 12తో తొలిసారి ఉత్పత్తి బండికి వచ్చింది. నేటికీ సాధారణ బళ్లలో సూత్రం మారలేదు.

పైపుపై మెరిసే పూత క్రోమియం. ఇది చాలా పలుచన. కంటికి కనిపించని పగుళ్లు ఇందులో సహజంగానే ఉంటాయి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఆ పగుళ్ల గుండా ఉక్కును చేరుతుంది. తుప్పు లోపల పెరిగి పూతను పొక్కుల్లా లేపుతుంది. పొక్కు రాలిన చోట మిగిలే గుంట అంచు కత్తిలా ఉంటుంది. ఫోర్క్‌ కదిలిన ప్రతిసారీ అది సీలు పెదవిని గీస్తూ పోతుంది.

విప్పే ముందు, విప్పేటప్పుడు

హ్యాండిల్‌ దగ్గర టకటకమంటే అది ఫోర్క్‌ లోపమే కానక్కర్లేదు. సెంటర్‌ స్టాండు వేసి, ముందు చక్రం గాలిలో ఉండేలా ఇంజిను కింద ఆసరా పెట్టి, ఫోర్క్‌ అడుగును ముందుకూ వెనక్కూ కదపాలి. పైభాగంలో ఊగితే కోన్‌ సెట్‌ చూడాలి. బ్రేకు వేయగానే ముందుభాగం ధబ్బున కూలితే నూనె తగ్గినట్లే.

చక్రం, మడ్‌గార్డు తీశాక వరుస తప్పితే పని చిక్కుపడుతుంది. పై బోల్టును పైపు బిగింపులో ఉండగానే కాస్త వదులు చేయాలి. స్ప్రింగు ఒత్తిడి ఉండగానే అడుగున ఉన్న అలెన్‌ బోల్టునూ వదులు చేసుకోవాలి. స్ప్రింగు తీసేశాక ప్రయత్నిస్తే లోపలి రాడ్డు బోల్టుతోపాటు తిరుగుతుంది. పై బోల్టు పూర్తిగా తీసేటప్పుడు ముఖం దానిపైకి వంచరాదు. స్ప్రింగు దాన్ని ఎగరగొడుతుంది.

బయటికి వచ్చే నూనె చాలా విషయాలు చెబుతుంది. బూడిదరంగులో మెరిసే పొడి ఉంటే లోపలి భాగాలు అరుగుతున్నాయి. పాలరంగుకు మారితే నీరు చేరింది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వంటి తుపాన్లలో మునిగిన బండికి, పైకి ఏ లోపం కనిపించకున్నా ఫోర్క్‌ నూనె మార్చడం తప్పనిసరి.

పైపే తీర్పు చెప్పాలి

పైపును శుభ్రంగా తుడిచి, అద్దం పలకపై దొర్లిస్తే వంకర బయటపడుతుంది. తర్వాత పొడవునా గోరుతో నెమ్మదిగా గీయాలి. గోటికి తగలని గుంట మెత్తటి దూదికి తగులుతుంది. పోగులు చిక్కుకున్న చోటే లోపం. సీలు తిరగని పైభాగంలో తుప్పున్నా నూనె కారదు. సీలు తిరిగే భాగంలో చిన్న మచ్చలుంటే బాగా సన్నని ఎమెరీ కాగితాన్ని నూనెలో తడిపి మొన మాత్రం తీయవచ్చు. గుంటను ఎపాక్సీతో పూడ్చి నునుపు చేసేవారూ ఉన్నారు. ఇదీ కొంతకాలమే. లోతైన గుంటలుంటే పైపు మార్చాలి, లేదా మళ్లీ క్రోమియం పూత వేయించాలి. గుంటల పైపుపై ఏటా రెండు మూడు సార్లు సీళ్లు మార్పించే ఖర్చు, శ్రమ లెక్కిస్తే పైపు మార్చడమే చవక.

సీలు ఎక్కించేటప్పుడు పైపు అంచుకు పలుచని పాలిథిన్‌ కాగితం చుట్టి, సీలు పెదవికి నూనె రాస్తే చిరగదు. సరిపోయే గొట్టంతో అన్నివైపులా సమానంగా దింపాలి. స్క్రూడ్రైవర్‌తో ఒకవైపు కొడితే సీలు అక్కడే పాడవుతుంది. అడుగు బోల్టు రాగి వాషర్‌ కొత్తది వేయాలి.

నూనె విషయంలో అంచనాలు పనికిరావు. రకం, పరిమాణం ఆ బండి మాన్యువల్‌ చెప్పినట్లే ఉండాలి. రెండు కాళ్లకూ కొలపాత్రతో సమానంగా పోయాలి. ఎక్కువైతే లోపలి గాలికి చోటు తగ్గి, గుంత తగిలినప్పుడు పెరిగే ఒత్తిడికి సీలు తన్నుకొస్తుంది. తక్కువైతే ఫోర్క్‌ అడుగు తగులుతుంది. బరువులు మోయాలని చిక్కటి ఇంజిన్‌ ఆయిల్‌ పోయడం కొన్నిచోట్ల అలవాటు. దీంతో బరువు మోసే శక్తి పెరగదు, అది స్ప్రింగు పని. ఫోర్క్‌ మాత్రం బిర్రబిగుసుకుని ప్రతి గుంతనూ చేతులకు అందిస్తుంది.

బిగించాక ముందుభాగాన్ని పలుమార్లు కిందికి నొక్కి, రెండు కాళ్లూ ఒకే వరుసలో సర్దుకున్నాకే చివరి బిగింపు ఇవ్వాలి. నూనె తాగిన బ్రేకు షూలను, ప్యాడ్లను కడిగి వాడకుండా మార్చాలి.

ఇంటి దగ్గర చేయగలిగింది

తీరం నుంచి వచ్చిన రోజు సాయంత్రం మంచినీళ్లలో తడిపిన గుడ్డతో పైపులను తుడిచి, తర్వాత పొడిగుడ్డతో ఆరబెట్టాలి. రబ్బరు తొడుగులున్న బళ్లకు వాటిని పైకి జరిపి తుడవాలి. లేకుంటే ఉప్పునీరు తొడుగు కిందే నిలిచి, బయటి పైపు కంటే త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు రాకుండా వాడేసిన ఇంజిన్‌ ఆయిల్‌ పూయడం తీరంలో మేలు చేయదు. దానికి ఇసుక అంటుకుని సీలును రాపిడి కాగితంలా అరగదీస్తుంది.