ఎడారిలోయలోఁ బిల్లలతో నడక

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమునఁ గొలరాడోనది తొలిచిన మహాలోయకు గ్రాండ్ కాన్యన్ అని పేరు. దీని పొడవు 277 మైళ్లు. లోతు ఇంచుమించు ఒక మైలు. 1919లో దీనిని జాతీయోద్యానముగాఁ జేసిరి. వేసవి సెలవులలో అచ్చటి తెలుఁగు కుటుంబములును బిల్లలతోఁ బోవుచుండును గనుక, గృహిణు లెఱుఁగవలసిన సంగతులు కొన్ని వ్రాయుచున్నాము.

కొండ నెక్కువారికి ముందు శ్రమ, పిదప సుఖము. ఇచ్చట క్రమము తాఱుమాఱు. దిగునప్పుడు పిల్లలు లేళ్లవలెఁ బరుగిడుదురు; శ్రమ యంతయు మరలునప్పుడే. పైగా దిగినకొలఁది వేఁడి హెచ్చును. గట్టుమీఁద హాయిగా నున్నను, అడుగున వేసవిలో 100 డిగ్రీల ఫారన్‌హీటు మించును.

మేము బ్రైట్ ఏంజెల్ బాటను వేకువనే దిగితిమి. మైలున్నర దూరమున నొక విశ్రాంతిశాలయు, వేసవిలోఁ గొళాయినీరును గలవు. మా పదేండ్ల చిన్నవాఁడు నదిదాఁకఁ బోదమని మారాము చేసెను, మావారును మెత్తఁబడిరి. మే మొప్పుకొనక యచ్చటనే మరలించితిమి. దిగుటకు గంట పట్టఁగా, ఎక్కుటకు రెండు గంటలు పట్టెను. ఆ చిన్నవాఁడే ప్రతి మలుపునను గూలఁబడెను!

పగలు 10 గంటలనుండి 4 గంటలవఱకు ఎండలో నడవరాదు. ఉత్తనీరే విస్తారముగాఁ ద్రాగిన రక్తములోని యుప్పు పలుచనై యపాయము గలుగును. కావున నీటితోఁబాటు చేగోడీలు, కారప్పూసవంటి యుప్పుగల తినుబండారములుండవలెను. ఒక్కనాఁటిలో నదికిఁ బోయి మరల నెక్కుట పెద్దలకును దగదని యుద్యానాధికారులు హెచ్చరించుచున్నారు.

నదిని దాఁకితిమను గొప్పకంటె, అందఱము క్షేమముగా గట్టు చేరితిమను తృప్తియే తల్లికిఁ జాలును.