ఈద్ కార్డు ఇంట్లోనే చేద్దాం

వంశధార నది బంగాళాఖాతంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం ఒకప్పుడు ఓడలు వచ్చిపోయే రేవు. ఆ ఓడలు లేవు. లైట్‌హౌస్, తీరాన దర్గా, ఇసుక మీద గవ్వలు మిగిలాయి. శ్రీకాకుళం జిల్లాలోని ఈ తీరం నుంచి చదువుకో, కొలువుకో బయటికి వెళ్ళినవారు తక్కువేమీ కాదు. విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై నుంచి గల్ఫ్ దేశాల వరకు మనవాళ్ళు ఉన్నారు. పండుగ వచ్చిందంటే ఇక్కడి తల్లుల మనసు అక్కడ, అక్కడి బిడ్డల మనసు ఇక్కడ.

ఇప్పుడు నెలవంక కనిపించీ కనిపించక ముందే ఫోన్లు మోగుతాయి. ఒకే బొమ్మ, ఒకే వాక్యం వందమందికి వెళుతుంది, వందమంది నుంచి వస్తుంది. సాయంత్రానికి ఎవరు ఏం పంపారో గుర్తుండదు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఫోను దూరాన్ని తగ్గించింది. అయితే వందమందికి పంపిన శుభాకాంక్ష ఏ ఒక్కరి కోసమూ చేసింది కాదు. అరగంట కూర్చుని, కాగితం కత్తిరించి, రంగు అద్ది, ఒక్కరి పేరు రాసి పంపే కార్డు ఆ ఒక్కరికే చెందుతుంది. పైగా దానికి ఖర్చు కూడా దాదాపు ఏమీ లేదు.

కాగితం మనకు కొత్త కాదు

అచ్చువేసిన క్రిస్మస్ కార్డును 1843లో లండన్‌లో హెన్రీ కోల్ తయారు చేయించాడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలకే మన దేశంలో అచ్చు ఈద్ కార్డులు వచ్చాయి. ఆ తరువాత రంజాన్ చివరి రోజుల్లో చార్మినార్ చుట్టుపక్కల మొదలుకొని చిన్న పట్టణాల పుస్తకాల షాపుల దాకా ఈద్ కార్డులు తీగలకు వేలాడుతూ కనిపించేవి. అందుచేత గ్రీటింగ్ కార్డు అనగానే అది పరాయి ఫ్యాషన్ అని కొందరు పెద్దలు ముఖం చిట్లించడం సహజమే.

కాని కార్డుకు మూలమైన కాగితం కథ వేరు. చైనాలో పుట్టిన కాగితం సమర్‌ఖంద్ మీదుగా బాగ్దాద్ చేరి, 8వ శతాబ్దం చివరకల్లా అక్కడ తయారు కాసాగింది. ఐరోపాకు ఈ విద్య అరబ్బుల చేతుల మీదుగానే వెళ్ళింది. మనం రోజూ పలికే ‘కాగితం’ అన్న మాట ఫారసీ ‘కాగజ్’ నుంచి వచ్చింది. దుకాణంలో అడిగే ‘రీము’కు మూలం కట్ట అనే అర్థమున్న అరబీ ‘రిజ్మా’. మహారాష్ట్రలో దౌలతాబాద్ సమీపాన ఉన్న కాగజీపురాకు ఆ పేరు చేతి కాగితం వల్లనే వచ్చింది. రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో కాగజీ కుటుంబాలు నేటికీ ఆ వృత్తిలో ఉన్నాయి.

అచ్చు అద్దడమూ మనకు తెలిసిన విద్యే. కృష్ణా జిల్లా మచిలీపట్నం, పెడన కలంకారీ గుడ్డలు టేకు చెక్క అచ్చులతో అద్దినవి. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ గుడ్డలు ఇరాన్ దాకా వెళ్ళాయి. అక్కడివారి అభిరుచికి తగ్గట్టు తీగలు, పువ్వులు, కమాన్లు ఆ అచ్చుల్లో చేరాయి. అక్కడ గుడ్డ మీద చేసే పనినే మన ఇంట్లో బంగాళాదుంపతో, రబ్బరుతో కాగితం మీద చేస్తాం.

చేతికందే వస్తువుతో పని జరిపించుకోవడం ఈ జిల్లా మనిషికి ఒకరు నేర్పనక్కరలేదు. పొందూరు ఖద్దరు కోసం పత్తిని శుభ్రపరచడానికి వాలుగ చేప దవడను వాడే నేర్పు ఇక్కడిదే. కార్డుల పనికీ కావలసింది ఆ చూపే.

ముందు కాగితం

ఏ4 సైజు మందపాటి కాగితాన్ని సగానికి కత్తిరించండి. ఒక్కో ముక్కను మళ్ళీ సగానికి మడిస్తే 10.5 సెంటీమీటర్లు, 14.8 సెంటీమీటర్ల కొలతలతో కార్డు వస్తుంది. ఒక కాగితానికి రెండు కార్డులు. రాసుకునే మామూలు కాగితం 80 జి.ఎస్.ఎం. మందమే ఉంటుంది కనుక అది నిలబడదు. 200 నుంచి 250 జి.ఎస్.ఎం. ఉన్నది అడిగి తీసుకోండి. పాత పెళ్ళి కార్డుల ఖాళీ వైపు కూడా చక్కగా పనికి వస్తుంది. అయితే మన షాదీ కార్డుల మీద బిస్మిల్లాహ్ అచ్చై ఉంటుంది. ఆ భాగం మీద కత్తెర పెట్టకుండా పక్కన భద్రపరచండి.

మందపాటి కాగితాన్ని నేరుగా మడిస్తే మడత పగులుతుంది. స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్ను మొనతో గీత నొక్కి, ఆ గీత మీద మడవండి. కాగితానికీ గుడ్డలాగే పోగు ఉంటుంది. రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా వంగుతుంది. మడత ఆ వైపు వస్తే శుభ్రంగా ఉంటుంది.

అచ్చులు వంటింట్లోనే

బెండకాయను అడ్డంగా కోస్తే కోణాలున్న నక్షత్రం సిద్ధం. బంగాళాదుంపను రెండు చెక్కలు చేసి, కోసిన ముఖాన్ని పొడిగుడ్డతో గట్టిగా తుడవాలి. లేకపోతే దాని నీరు రంగును పలచన చేస్తుంది. తరువాత నెలవంక గీసి, చుట్టూ ఉన్నదాన్ని అరంగుళం లోతున తీసేస్తే అచ్చు తయారు. కత్తి పని పెద్దలు చేసి, అద్దే పని పిల్లలకు ఇవ్వండి.

సముద్రపు ఒడ్డున దొరికే గీతల చిప్పలు కూడా మంచి అచ్చులే. మంచినీళ్ళలో కడిగి ఆరబెట్టండి. ఉప్పు మిగిలితే తేమను లాగి కాగితాన్ని పాడుచేస్తుంది. చిప్పలను కార్డుకు అంటించే పని మాత్రం వద్దు. తపాలా సంచిలో అవి నలిగి ముక్కలవుతాయి.

అక్షరాల అచ్చుకు పెన్సిలు చెరిపే రబ్బరు వాడండి. అచ్చులో అక్షరం తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. దీనికో సులువు ఉంది. పల్చని కాగితం మీద పెన్సిలుతో ‘ఈద్’ అని మామూలుగానే రాసి, ఆ రాతను రబ్బరు మీద బోర్లించి, వెనుక గోటితో రుద్దండి. రాత తనంతట తానే తిరగబడి రబ్బరుకు అంటుకుంటుంది. ఆ గీతలను వదిలి మిగతాది చెక్కాలి. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా పద్ధతి ఇదే.

డబ్బా మూతలో స్పాంజి ముక్క పరచి, పోస్టరు రంగును కొద్ది నీళ్ళతో కలిపి పోస్తే స్టాంపు ప్యాడ్ అవుతుంది. అద్దకం పనివారి బల్ల మీద గుడ్డలు మందంగా పరచి ఉంటాయి. మెత్తని అడుగు ఉంటేనే అచ్చు అంతటా సమంగా పడుతుంది. మీరూ కార్డు కింద నాలుగైదు వార్తాపత్రికలు మడిచి పెట్టండి. అచ్చును నిటారుగా దించి, నొక్కి, నిటారుగానే ఎత్తాలి. కదిపితే అలుక్కుపోతుంది. మొదటి అచ్చు చిత్తుకాగితం మీద వేసి, రెండోది కార్డు మీద వేయండి. రెండు రంగులు కావాలంటే రెండు అచ్చులు చేసుకోవాలి. మొదటి రంగు ఆరాకే రెండోది.

కమాను, నక్షత్రం, మినారు

రెండు సీసా మూతలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. పెద్దదాని చుట్టూ గీసి, దానిలోపల ఒక అంచుకు జరిపి చిన్నదాన్ని గీస్తే నెలవంక వస్తుంది. సమానమైన రెండు చదరాలు కత్తిరించి, ఒకదాని మీద ఇంకొకటి మూలగా తిప్పి అంటిస్తే ఎనిమిది కోణాల నక్షత్రం. ముస్‌హఫ్ అంచుల్లో హిజ్బ్ భాగాలను సూచించే గుర్తు ఆకారం ఇదే. కార్డు ముఖపత్రం అంత కాగితాన్ని నిలువుగా మడిచి సగం కమాను కత్తిరించి విప్పితే, రెండు వైపులా ఒకే తీరున మిహ్రాబ్ కమాను తయారవుతుంది. దాని వెనుక రంగు కాగితం అంటించండి.

తెరవగానే మినారు లేచి నిలబడే కార్డంటే పిల్లలకు మహా సరదా. కార్డు లోపల వేసేందుకు మరో కాగితం అదే కొలతతో మడిచి, మడత మధ్యలో 2 సెంటీమీటర్ల ఎడంతో, 3 సెంటీమీటర్ల పొడవున రెండు కోతలు పెట్టండి. ఆ పట్టీని లోపలికి తోస్తే మెట్టులా నిలబడుతుంది. మెట్టు ముందు ముఖానికి మినారు బొమ్మ అంటించండి. మెట్టు 3 సెంటీమీటర్లు, మినారు 7 సెంటీమీటర్లు, కలిపి 10 దాటరాదు. దాటితే కార్డు మూసినప్పుడు మినారు బయటికి పొడుచుకొస్తుంది. తరువాత ఈ లోపలి కాగితాన్ని, మెట్టుకు జిగురు తగలకుండా, కార్డుకు అంటించాలి.

కొంచెం ఓపిక ఉన్నవారు ‘అబ్రీ’ ప్రయత్నించవచ్చు. ‘అబ్ర్’ అంటే ఫారసీలో మేఘం. నీటిపై రంగులు తేల్చి, మబ్బుల్లాంటి ఆ మరకలను కాగితంపైకి ఎత్తే కళ ఇది. 17వ శతాబ్దంలో బీజాపూర్ చిత్రకారులు దీనితో అద్భుతాలు చేశారు. తుర్కియేలో దీన్ని ‘ఎబ్రూ’ అంటారు. 2014లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంట్లో సులువుగా చేయాలంటే ఆయిల్ పెయింటును టర్పెంటైన్‌తో పలచన చేసి, పళ్ళెంలోని నీటి మీద రెండు మూడు చుక్కలు వేసి, పుల్లతో తిప్పి, కాగితాన్ని మెల్లగా బోర్లించి తీయాలి. పొయ్యికి దూరంగా, పెద్దల ఎదుటే చేయించండి.

అంటించడానికి మైదా జిగురు చాలు. మన తీరంలో గాలి తేమగా ఉంటుంది కనుక జిగురు పలచగా రాసి, కార్డులను రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచితే వంకర పోవు.

ఏం రాయాలి? ఎలా పంపాలి?

కార్డుల మీద ఆయతులు, అల్లాహ్ నామం రాయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. ఉద్దేశం మంచిదే. కాని కవరు చిరుగుతుంది, కార్డు ఏదో ఒకరోజు చెత్తబుట్టకు చేరవచ్చు. ఆ అగౌరవానికి మనం దారి తీయకుండా ‘ఈద్ ముబారక్’ అని సరిపెట్టుకోవడం మేలు. పండుగనాడు ఒకరి ఆరాధనలు మరొకరివీ స్వీకృతం కావాలని సహాబాలు దుఆ చేసుకునేవారని ఉల్లేఖనాలున్నాయి. ఆ భావాన్ని తెలుగులోనే రాయవచ్చు. నానీకి ఉర్దూ వచ్చు, మనవరాలికి తెలుగే వచ్చు అన్న ఇళ్ళు మనలో ఎన్నో. అలాంటిచోట లోపలి రెండు పేజీల్లో ఒకటి ఉర్దూకి, ఒకటి తెలుగుకి ఇవ్వండి. అమ్మీ ఉర్దూ రాస్తే కూతురు తెలుగు రాస్తుంది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చునే సమయం దొరుకుతుంది.

ఈదుల్ ఫిత్ర్ తేదీ నెలవంకను బట్టి తేలుతుంది కనుక కార్డు మీద తేదీ వేయకండి. ఇరవయ్యో రోజా లోపల పోస్టు చేయండి. కవరుతో కలిపి 20 గ్రాములు దాటితే తపాలా ఖర్చు పెరుగుతుంది. కిరాణా కొట్టు త్రాసు మీద ఒకసారి తూచి చూడండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. చేరిందో లేదో తెలియాలనుకునేవారు స్పీడ్ పోస్టులోనే పంపాలి.

అయిదు కార్డులు చాలు

యాభై కార్డులు చేయనక్కరలేదు. అలా చేస్తే అదీ ఫోను సందేశంలాగే అవుతుంది. అయిదు చేయండి. ఒకటి దూరాన ఉన్న పెద్దవారికి. ఒకటి పిల్లలకు చదువు చెప్పిన ఉస్తాదుకో, టీచరుకో. ఒకటి పొరుగింటి హిందూ కుటుంబానికి, షీర్‌ఖుర్మా గిన్నెతో పాటు. ఒకటి ఈ ఏడాది ఇంటిమనిషిని పోగొట్టుకుని పండుగ వెలితిగా గడిపే ఇంటికి. కార్డు మరీ సాదాగా ఉందని సంకోచం వద్దు. పొరుగింటి నుంచి వచ్చిన కానుక గొర్రె కాలిగిట్టే అయినా చిన్నచూపు చూడవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) స్త్రీలకు ప్రత్యేకించి బోధించారు.

అయిదోది కష్టమైనది. అది మాట ఆగిపోయిన ఇంటికి.

అన్నదమ్ముల పొలం గట్టు తగాదా కావచ్చు, పెళ్ళిలో జరిగిన మర్యాద లోపం కావచ్చు, ఫూఫీ అన్న ఒక మాట కావచ్చు. మూడు రోజులకు మించి సోదరునితో మాట మానడం తగదని ప్రవక్త (స) చెప్పారు. మనలో మూడేళ్ళు, పదమూడేళ్ళు గడిచిన ఇళ్ళున్నాయి. మేలుకు మేలు చేయడమే సిలే రహ్మీ కాదు, తెగిన బంధాన్ని కలిపేవాడే నిజంగా బంధుత్వం నిలిపేవాడని కూడా ఆయన బోధన. ఫోను చేయడానికి అహం అడ్డొస్తుంది. ఎత్తకపోతే అవమానం, ఎత్తితే మళ్ళీ అదే వాదన. కార్డు వాదించదు. అందుకున్నవారు చదివి, పక్కన పెట్టి, రేపు మళ్ళీ చదువుకోవచ్చు.

ఆ కార్డులో పాత సంగతి ఎత్తకండి. తప్పు ఎవరిదో రాయకండి. ‘మేము క్షమించాం’ అన్న మాట అసలే వద్దు, అది నేరం మోపినట్లే ఉంటుంది. సలాం రాయండి. పెద్దల ఆరోగ్యం అడగండి. పిల్లలు ఎంత ఎదిగారో, ఏ తరగతి చదువుతున్నారో రాయండి. ముఖపత్రం మీద నెలవంకను ఆ పిల్లల చేతే అద్దించండి. అడ్రసు మాత్రం ఇంటిపెద్ద తన చేతిరాతతోనే రాయాలి. కవరు చూడగానే ఆ రాత ఎవరిదో వారికి తెలియాలి.

జవాబు ఈ ఈద్‌కు రాకపోవచ్చు. అయితే బక్రీద్‌కు మరొకటి చేయండి. బంగాళాదుంప ధర ఎంతని, కాగితం ముక్క ధర ఎంతని!