పిల్లవాని ఆటను ఎలా అంచనా వేయాలి?

కొల్లేటి లంక గ్రామాలలోను, తాడేపల్లిగూడెం పరిసరాలలోను కుటుంబాలను దర్శించునప్పుడు తండ్రులు మమ్మును అడిగే మాట ఒకటుంది: “అయ్యగారూ, మావాడు కబడ్డీ బాగా ఆడుతున్నాడు. స్పోర్ట్స్ హాస్టల్లో వేయమంటారా?”

పదునాలుగేండ్ల లోపు పోటీలలో పొడగరి పిల్లవాడే ముందుంటాడు. అయితే ఆ పొడవు ఒకనికి పన్నెండో ఏట వస్తే, మరొకనికి పదహారులో వస్తుంది. సమూయేలంతటివాడే ఏలీయాబు ఎత్తు చూచి ఇతడే అనుకొన్నాడు. యెష్షయి ఏడుగురు కుమారులను దాటించిన తరువాత గదా గొఱ్ఱెలు కాచే చిన్నవాని మాట వచ్చినది! కాబట్టి కప్పులు లెక్కించకండి, ఓడిన మరునాడు వాడు మైదానానికి వెళ్లాడా అని చూడండి అంటాము.

గోదావరి అవతల రావులపాలెం కిడాంబి శ్రీకాంత్ సంగతే తీసుకోండి. 2011 కామన్వెల్త్ యూత్ గేమ్స్‌లో ఆయనకు పతకాలు వచ్చింది డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లలో. పుల్లెల గోపీచంద్ గారు ఆయనను సింగిల్స్‌కు మళ్లించారు. 2014 చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను ఓడించి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకొన్నారు.

అటువంటి కన్ను ప్రతి మండలంలో దొరకదు. అందుచేత పదో తరగతి పరీక్ష మాననీయకండి. సెలక్షన్ ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆడపిల్లను పంపేటట్లయితే తల్లి ముందుగా వెళ్లి హాస్టలు చూచి రావాలి.