చక్కెర ఒక్కటే చూస్తే చాలదు
మధుమేహ వృద్ధులలో ఖనిజ లవణాల హెచ్చుతగ్గులు

మధుమేహం అనగానే మన ఇండ్లలో మాట చక్కెర దగ్గర మొదలై చక్కెర దగ్గరే ముగుస్తుంది. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం వంటి ఖనిజ లవణాలు కూడ ఉన్నాయనీ, అరువది దాటిన మధుమేహ రోగికి వాటి హెచ్చుతగ్గులు ప్రాణం మీదికి తేగలవనీ చాలమంది ఎరుగరు. ఎరుగక నేను చేసిన పొరపాటే ఈ వ్యాసానికి కారణం.

మా అమ్మగారు జనగామలో ఉంటారు. చాలకాలంగా మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. ఒక వేసవిలో రాత్రిళ్ళు పిక్కలు పట్టుకొని నిద్ర లేకుండా పోయింది. పరీక్షలో పొటాషియం 3.1, మెగ్నీషియం 1.4 అని తేలింది. రెండూ తక్కువే. చక్కెర పెరిగి మూత్రం అధికంగా పోయినప్పుడు ఈ లవణాలు దానితోపాటు కొట్టుకొని పోతాయి. రక్తపోటుకు వాడే నీటిమాత్ర ఆ నష్టాన్ని మరింత పెంచుతుంది. వైద్యులు మాత్ర మార్చి, లవణాలను భర్తీ చేశారు. ఆహారంలో తైద అంబలి, పెసలు, నువ్వులు, ఆకుకూరలు, అప్పుడప్పుడు కొబ్బరి బోండం చేర్చాము. నెల తిరిగేసరికి ఆమె హాయిగా నిద్రించసాగారు.

ఆ సంతోషంలో కనిపించిన వారికల్లా కొబ్బరి నీళ్ళు త్రాగమని చెప్పసాగాను. మహబూబాబాదులోని మా పెద్దక్క పిక్కల నొప్పికి అవి పని చేయలేదు. ఆమె పొటాషియం సరిగానే ఉంది. ఏండ్ల తరబడి వాడిన ఎసిడిటీ మాత్రల వలన మెగ్నీషియం ఒక్కటే తగ్గింది.

భూపాలపల్లిలో మా చిన్నాన్నగారు బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నారు. కాళ్ళలో నీరసం అంటే ఆయనకూ అదే చెప్పాను. రక్తపోటుకు మేలని ఆయన సోడియం తక్కువ గల ఉప్పు కూడ వాడుచున్నారు. పది రోజులకే లేవలేని స్థితి వచ్చింది, నాడి మందగించింది. రాత్రికి రాత్రి ఆసుపత్రికి చేర్చగా పొటాషియం 6.4 ఉన్నది! మరికొంత ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని వైద్యులు చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు.

కారణం తరువాత తెలిసింది. మధుమేహం వలన ఆయన మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నాయి. మిగులు పొటాషియంను అవి బయటకు పంపలేవు. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మాత్రలు దానిని ఇంకా నిలువ చేస్తాయి. సోడియం తక్కువ గల ఉప్పులో చేర్చేది పొటాషియం క్లోరైడే. ఒక పెద్ద గ్లాసు కొబ్బరి నీళ్ళలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఇవన్నీ ఒక్కచోట చేరాయి.

పొటాషియం తగ్గినా నీరసమే, పెరిగినా నీరసమే. లక్షణం చూచి చిట్కా చెప్పరాదు. ఇది మన శాస్త్రానికి కొత్త కాదు. చరక సంహిత ప్రమేహాలను ఇరువది విధాలుగా చెప్పి, స్థూలమైన రోగికి ఒక చికిత్సను, కృశించిన రోగికి వేరొక చికిత్సను విధించింది. రోగిని చూడక మందు చెప్పిన తప్పు నాది, వైద్యానిది కాదు.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి:

• పెద్దలకు చక్కెరతోపాటు క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు ఏటా ఒకసారైనా చేయించవలెను. పిక్కలు పట్టుకొంటే మెగ్నీషియం కూడ చూపించవలెను.

• పొటాషియం సాధారణంగా 3.5 నుండి 5.0 వరకు, మెగ్నీషియం సుమారు 1.7 నుండి 2.2 వరకు ఉండవలెను. శరీరంలోని మెగ్నీషియంలో రక్తంలో ఉండేది నూటికి ఒక వంతు కూడ కాదు. కనుక అంకె సరిగా ఉన్నా లోపం ఉండవచ్చును.

• మూత్రపిండాలు బాగున్నవారికి తైదలు, జొన్నలు, గుమ్మడి గింజలు, ఆకుకూరలు మేలు చేస్తాయి.

• పొటాషియం పెరిగినవారు కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోయవలెను. కొబ్బరి నీళ్ళు, సోడియం తక్కువ గల ఉప్పు వలదు.

• వాడుచున్న మాత్రలన్నీ వైద్యునికి చూపనిదే ఏ చిట్కా మొదలుపెట్టరాదు. వైద్యుడు వ్రాసిన మాత్రను స్వయంగా మానరాదు.

మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. పెద్దలను పరీక్షకు తీసుకొని వెళ్ళుటకు ఇప్పుడు దూరం సాకు కాదు.

చిన్నాన్నగారు కోలుకొన్నారు. ఇప్పుడు నేను ఏ చిట్కా చెప్పినా, “ముందు నా రక్తం ఏమంటున్నదో అడుగు” అని నవ్వుతారు. ఆ మాటే మీకూ నా మనవి.